ఊట రహస్యం, కొయ్యలయ్య ముక్కు

ఒక పెద్ద అడవిలో ఎండాకాలం వస్తే నీళ్ళు తగ్గేవి, ఆజ్ఞలు పెరిగేవి. ఆ ఏడు మరీ ఘోరం. పెద్దమడుగు అడుగంటి బురద తేలింది. తలకి ఇరవై గుటకలు, అదీ రెండ్రోజులకోసారి అని పెద్దపులి దొరవారి కొలువు కొలత పెట్టింది. పులికైనా పిచ్చుకకైనా ఇదే కొలత అని కూడా ప్రకటించింది. ఆ మాట విని జంతువులు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాయి. పాపం, ఒంట్లో మిగిలిన కాస్త తడీ అలా పోయింది.

ఆ అడవిలో కొయ్యలయ్య అనే వడ్రంగిపిట్ట పత్రిక నడిపేవాడు. పత్రికంటే మరేం లేదు, నాలుగు దారులు కలిసేచోట ఎండిపోయి నిలబడ్డ మద్దిచెట్టు మొద్దు. దాని మీద ముక్కుతో టకటకా వార్తలు చెక్కేవాడు. చదవడం వచ్చినవాళ్ళు అడవి మొత్తంలో పట్టుమని పదిమంది ఉండరు. అభిప్రాయం లేనివాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

ఒక మధ్యాహ్నం కొలువంతా భోంచేసి కునుకు తీస్తున్న వేళ, దస్తావేజుల బొరియలో గుమాస్తాగిరీ చేసే పందికొక్కు రొప్పుతూ వచ్చి, ఒక మోదుగాకు కొయ్యలయ్య ముందు పడేసింది. ఆకు మీద పులి పంజా ముద్ర ఉంది.

"చదువు. చదివాక నన్ను నువ్వు చూళ్ళేదు," అని చెప్పి తుర్రుమంది.

కొయ్యలయ్య చదివాడు. ఏనుగురాయి వెనక, ముళ్ళకంపల కింద, ఎన్నడూ ఎండని ఊట ఉందట. కొలువు సభ్యులు, వారి బావమరుదులు మాత్రమే అక్కడ తాగాలట. ఎవరైనా అడిగితే అది దొరవారి ధ్యానస్థలమని చెప్పాలట.

పొద్దున్నే కుందేలమ్మ పిల్లలు ఎండిన బురదని నాకడం అతను కళ్ళారా చూశాడు. ఒళ్ళు మండిపోయింది. కొయ్యలయ్య స్వభావమే అంత, అన్యాయం చూస్తే ముందు ముక్కు దురద పెడుతుంది, భయం తర్వాత తీరిగ్గా వస్తుంది. పొద్దు వాలేలోపు ఆకులో ఉన్నదంతా మొద్దు మీదికెక్కింది.

మర్నాడు మొద్దు చుట్టూ తిరణాల. చదవొచ్చిన ముసలి దుప్పి గట్టిగా చదివి వినిపించింది. ఇక కొలువు మీద పడతారు చూడు అనుకుంటూ కొయ్యలయ్య కొమ్మ మీద ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు.

"అసలు ఈ సంగతి వీడికెవడు చెప్పాడంట?" అంది కోతి. ఎవరింట్లో ఏం జరిగినా ముందుగా ఆరా తీసేది ఇదే.

"పొరుగడవి వాళ్ళు వీడికి పురుగులు మేపుతున్నారేమో. వీడు ఈమధ్య కాస్త ఒళ్ళు చేశాడు, గమనించారా?" అంది అడవిపంది. దాని నడుం చుట్టూ కొలవాలంటే పొద్దు పోతుంది.

"అన్నా, అదంతా సరేగానీ, అక్కడ నీళ్ళున్నాయా లేవా? ఓసారి పోయి చూస్తే తెలిసిపోదా?" అంది కుందేలమ్మ.

"వీడి మాట నమ్మి ఈ ఎండలో అంత దూరం ఎవడు నడుస్తాడమ్మా!" అంది పంది. కోతి ఆ సరికే కొయ్యలయ్య గూట్లోకి చెయ్యి పెట్టి, పొరుగడవి పురుగుల కోసం వెతుకుతోంది. దానికి దొరికింది రెండు గుడ్డు పెంకులు. అవి కూడా అనుమానాస్పదంగానే ఉన్నాయని అందరూ తేల్చారు.

సాయంత్రానికి కొయ్యలయ్యని పట్టుకుపోయారు.

న్యాయస్థానంలో జడ్జిగారు తాబేలు. ఆయన తల బయటికి పెడితే వాదన వింటున్నట్టు, లోపలికి లాక్కుంటే ఆలోచిస్తున్నట్టు. కొలువు తరఫున నక్క వకీలు లేచింది.

"అయ్యా, ఇతని మీద రెండు నేరాలు. ఒకటి, లేని ఊట ఉందని అబద్ధం చెక్కాడు. రెండు, ఉన్న ఊట సంగతి బయటపెట్టాడు."

తాబేలు తల బయటికొచ్చింది. "రెండిట్లో ఏదో ఒకటి ఉంచుకోవయ్యా."

నక్క, ఎలుగుబంటి మంత్రి గుసగుసలాడుకున్నారు. అబద్ధానికి మందలింపే శిక్ష. రహస్యం బయటపెడితే ముక్కుకి తుమ్మబంక, ఒక వానాకాలం ఒక చలికాలం. అందుకని నక్క రెండోదే ఉంచుకుంది. ముక్కు మూసుకుపోయిన వడ్రంగిపిట్ట వారం బతకదు.

"ఈ సంగతి రహస్యమని దండోరా వేయించారా?" అనడిగింది తాబేలు.

నక్క నీళ్ళు నమిలింది. ఆ అడవిలో తాతలనాటి కట్టుబాటు ఒకటుంది. ఏ ఆజ్ఞయినా మూడు కూడళ్ళలో దండోరా వేయాలి. ప్రతిచోటా ముగ్గురు 'విన్నాం' అని తలూపాలి. లేకపోతే అది చెల్లదు.

"వేయించండి. కొయ్యలయ్యా, మూడో దండోరా అయ్యేలోపు నువ్వు ఆ చెక్కుడు చెరిపేస్తే సరి. లేదంటే బంక తప్పదు. ఇంకో మాట, వకీలుగారూ, ఏది చెప్పకూడదో అక్షరం పొల్లుపోకుండా చెప్పించండి. కిందటేడు 'చేయరానిది చేయరాదు' అని దండోరా వేశారు. పట్టుకున్నవాళ్ళందర్నీ నేను వదిలేయాల్సి వచ్చింది," అని తాబేలు తల లోపలికి లాక్కుంది.

ఆ రాత్రి కొయ్యలయ్య భార్య మద్దులమ్మ అన్నం మాటే ఎత్తలేదు. తెల్లారగట్ల మాత్రం అంది, "చెరిపెయ్యండి. మీరు రాస్తే ఎవరు నమ్మారు గనక? పైగా దొంగని చూసినట్టు చూశారు. వాళ్ళ కోసమా మీ ముక్కు?"

కొయ్యలయ్య చీకట్లోనే మొద్దు దగ్గరికి ఎగిరాడు. దాని మీద వాలి, మొదటి అక్షరం మీద ముక్కు ఆనించాడు. చెరపాలనే వచ్చాడు, దాచడమెందుకు. చచ్చేంత భయంగా ఉంది. కానీ ముక్కు ఆడలేదు. పిల్లల నాలుకలకంటిన బురదే కళ్ళముందు కదిలింది. అలాగే బిగుసుకుపోయి కూర్చున్నాడు.

ఇంతలో మొదటి కూడలిలో డప్పు మోగింది. దండోరా వేసే కొండముచ్చు, నక్క రాసిచ్చినదాన్ని గొంతెత్తి చదివింది.

"ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా! ఏనుగురాయి వెనక, ముళ్ళకంపల కింద, ఎన్నడూ ఎండని తియ్యని ఊట ఉందన్న సంగతి పరమ రహస్యం! కూడలి నుంచి ఎడమకి తిరిగి, పడిపోయిన ఇప్పచెట్టు దాటితే నూరడుగుల్లో వస్తుందన్న సంగతి మరీ రహస్యం! దీన్ని ఎవరూ ఎవరికీ చెప్పరాదహో!"

జంతువులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాయి. "విన్నాం," అని ముగ్గురు తలూపారు.

"సర్కారే చెబుతోందంటే నిజమే అయ్యుండాలి," అంది అడవిపంది, ఎడమకి తిరుగుతూ.

రెండో కూడలిలో ముగ్గురే మిగిలారు, వాళ్ళు కూడా నడుస్తూనే తలూపారు. మూడో కూడలిలో కొండముచ్చు డప్పు కొట్టి కొట్టి చూసింది. వినడానికి ఈగ కూడా లేదు. దానికీ దాహమేసింది. డప్పు చంకలో పెట్టుకుని అదీ ఎడమకే తిరిగింది.

ఊట దగ్గర కావలి తోడేళ్ళు అడ్డం పడ్డాయి. "ఆగండి! ఆజ్ఞ వినలేదా?"

"విన్నాం బాబూ. చెప్పొద్దన్నారు. మేం ఎవరికీ చెప్పట్లేదే, తాగుతున్నాం," అంది కుందేలమ్మ, పిల్లల్ని ముందుకు తోస్తూ. తోడేళ్ళు ఆలోచించేసరికి మంద వాటి మీంచి వెళ్ళిపోయింది. లోపల పులి దొరవారు మెడలోతు నీళ్ళలో ధ్యానం చేసుకుంటున్నారు. ప్రజల్ని చూసి గతుక్కుమని, "రండి, రండి, మీ కోసమే చూస్తున్నా," అన్నారు.

మూడో దండోరాకి సాక్షులు లేరని తాబేలు కేసు కొట్టేసింది. కొయ్యలయ్య ముక్కు దక్కింది. మద్దులమ్మ ఏడ్చింది, తిట్టింది, మళ్ళీ ఏడ్చింది. ఇద్దరూ కలిసి ఊటకి వెళ్ళారు.

"వరసలో వెనక్కెళ్ళు," అంది అడవిపంది, మూతి తుడుచుకుంటూ. "దొరవారి చలవ వల్ల తాగుతున్నాం. దండోరా వేయించి మరీ చెప్పారు, ఎంత దొడ్డ మనసు!"

"నేనూ అదే కదయ్యా రాసింది!"

"నువ్వు రాశావు. వాళ్ళు చెప్పారు. తేడా లేదూ?"

"అయినా అందరికంటే ముందు నీకెలా తెలిసిందనేదే ఇప్పటికీ నా అనుమానం," అంది కోతి. వెనక నిలబడ్డ వాళ్ళంతా అవునవునన్నారు. కొయ్యలయ్యకి కోపమొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, వరస కదిలేసరికి నవ్వొచ్చింది.

నెల తిరిగింది. పందికొక్కు ఇంకో ఆకు తెచ్చింది. కొలువువారి కొట్టంలో దాచిన ఇప్పపువ్వు ఎంత కుళ్ళిపోతోందో అందులో లెక్కతో సహా రాసి ఉంది. కొయ్యలయ్య ఆకు ముక్కున కరుచుకుని మొద్దు వైపు కాక, తిన్నగా ఎలుగుబంటి మంత్రి కచేరీకి ఎగిరాడు. తల వంచి నమస్కారం పెట్టాడు.

"అయ్యా, ఎవరో దుర్మార్గులు ఈ సంగతి బయటపెట్టబోతున్నారు. దయచేసి వెంటనే దండోరా వేయించి నిషేధించండి. అక్షరం పొల్లుపోకూడదు సుమండీ. ఈసారి సాక్షుల్ని నేనే కూర్చోబెడతాను."

"ఇంత బాధ్యత గల పౌరుణ్ణి ఇన్నాళ్ళూ అనవసరంగా అనుమానించామే," అని మురిసిపోయి, మంత్రి పంజా ముద్ర కొట్టాడు.

నీతి: నిజం నలుగురికీ తెలియాలంటే రాసేవాడొక్కడే ఉంటే చాలదు, దాచేవాడు కూడా కష్టపడి పనిచేయాలి.