వానపాములకు దూది పరుపు

ఏన్కూరులో పరుపులు కుట్టే షుకూర్ ఆ ఉదయం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. భార్య బేగం భద్రాచలంలో ఉన్న కూతురిని చూసి సాయంత్రం బస్సుకు వచ్చేలోగా, పెరట్లోని వానపాముల తొట్టిలో కొత్త పడక పరిచి, పైన పేడ వేయాలి. మిగిలిన పగలంతా పక్కనే జామచెట్టు కింద బొంత మీద పడుకోవాలి. రెండో పనిలో ఆయన ఎన్నడూ పొరపాటు చేసి ఎరుగడు.

భయమంతా మొదటి దానితోనే. మర్నాడు మహిళా సంఘాల వాళ్లు ఎరువు తయారీ నేర్చుకోవడానికి బేగం దగ్గరికి వస్తున్నారు. ఇన్నేళ్లూ 'షుకూర్ భార్య'గానే ఉన్న ఆవిడను రేపు అందరూ 'మేడం' అంటారు. ఆ మాట తలచుకుని ఆవిడ వంటింట్లో ఒక్కతే నవ్వుకోవడం షుకూర్ చూశాడు. పెళ్లయిన కొత్తలో నవ్విన నవ్వు అది. దాన్ని పాడుచేయకూడదని గట్టిగా అనుకున్నాడు.

"తడిపిన గడ్డి, చింపిన పేపర్లు పరవుండ్రి. పైన గంపల ఉన్న మాగిన పేడ ఎయ్యుండ్రి. మీ తెలివి మాత్రం వాడకుండ్రి," అని చెప్పి బేగం బస్సెక్కింది.

షుకూర్ గడ్డి తడిపాడు కూడా. కానీ చేతిలో దాని ముతకదనం తగిలేసరికి మనసు ఒప్పుకోలేదు. ఊళ్లో ఎన్నో పెళ్లిళ్లకు పరుపులు కుట్టిన ఇంట్లో ప్రాణులు గడ్డి మీద పడుకోవడమా? ఏకిన మెత్తటి దూది తెచ్చి, మూలలు సర్ది మరీ పరిచాడు. ఇక గంపలోని పేడ నెలల నాటిది, నల్లగా పొడిపొడిగా ఉంది. చుట్టాలొచ్చే ముందు రోజు ఇంట్లో వాళ్లకు చద్దన్నం పెడతామా? పక్కింటి రాఘవమ్మ గేదెల కొట్టం నుంచి వేడివేడి పచ్చిపేడ ఎత్తుకొచ్చి వేశాడు. పెళ్లి బిర్యానీకి దమ్ పెట్టినట్టు పైన ఇంకో వరస దూది కప్పి, తానూ బొంత పరుచుకున్నాడు.

అడవి వైపు నుంచి గాలి మెల్లగా వీస్తోంది. దూది పింజలు ఎండలో తేలుతూ ఎటూ పోకుండా నిలబడ్డాయి. కలలో వానపాములు చిన్న చిన్న దిండ్లు వేసుకుని వరసగా పడుకున్నాయి. ఒకటి తల ఎత్తి బేగంను మేడం అని పిలిచింది. ఆవిడ నవ్వింది. నిద్రలో షుకూర్ కూడా నవ్వాడు.

లేచి, ముచ్చటపడి తొట్టిలో చెయ్యి పెట్టి, అదిరిపడ్డాడు. లోపల పొయ్యిలా ఉంది. పచ్చిపేడ మాగేటప్పుడు వేడెక్కుతుంది, దూది ఆ వేడిని బయటికి పోనివ్వదు. చలికాలమంతా గిరాకీలకు ఆ రెండో సంగతి చెప్పుకునేది ఆయనే. కంగారుగా బిందెలతో నీళ్లు పోశాడు. సగం తన మీదే పడ్డాయి, మిగతావి తొట్టి అడుగు రంధ్రంలోంచి కారి బొంతను తడిపాయి. టేబుల్ ఫ్యాను తెచ్చి తిప్పాడు. వెతికితే ఒక్క వానపామూ కనిపించలేదు. ఫ్యాను ముందు తడిబట్టలతో కూలబడ్డాడు.

గోడ మీంచి చూసిన రాఘవమ్మ ఏమైందని అడిగింది.

"లోపలంత మంట, అక్కా. ఎన్ని నీళ్లు పోసినా తగ్గుతలేదు. ఇగ బేగంకు నా ముఖం ఎట్ల సూపియ్యాలె," అన్నాడు షుకూర్ కళ్లు తుడుచుకుంటూ.

రాఘవమ్మ వెంటనే ఫోను ఎత్తింది. భాయ్ ఒంట్లో మంటతో కలవరిస్తున్నాడు, ఉన్నపళంగా బయల్దేరమని బేగంకు చెప్పింది. ఆ మంట బస్టాండు చేరేసరికి గుండెనొప్పి అయింది, మసీదు చేరేసరికి డాక్టర్లు చేతులెత్తేశారు. జనం బత్తాయిలు, కొబ్బరిబోండాలు పట్టుకుని పెరట్లోకి వచ్చారు. మేడంను ఓదార్చాలని మహిళా సంఘాల వాళ్లు ఒకరోజు ముందే దిగారు. వానపాముల మీద ఊరికి ఇంత ప్రేమ ఉందని షుకూర్‌కు అప్పటిదాకా తెలియదు. వచ్చిన ప్రతివాళ్ల చెయ్యి పట్టుకుని తప్పంతా తనదేనన్నాడు. చివరి ఘడియల్లో మనిషి ఎంత మంచివాడైపోయాడో అని వాళ్లూ ఏడ్చారు.

పొద్దుగూకే వేళకు బేగం ఏడుస్తూ వచ్చి, జనాన్ని తోసుకుని ఆయన నుదురు పట్టి చూసింది. చల్లగా ఉంది.

"నాకేం కాలే, బేగం. నీ వానపాములను నేనే సంపిన," అన్నాడాయన. "రేపు వీళ్లు నిన్ను మేడం అనకపోతే, నేను అంట."

బేగం కళ్లు తుడుచుకుంది. తొట్టిని చూసింది, కారిన నీళ్లను చూసింది, వాటి వెంటే వెళ్లి తడిసిన బొంత అంచు ఎత్తింది. కింద చీకట్లో, చల్లటి తడిలో, వానపాములన్నీ ఎర్రగా మెసులుతున్నాయి. రంధ్రంలోంచి జారి, షుకూర్ పాత బొంత కింద హాయిగా సర్దుకున్నాయి.

ఆవిడ బొంత అంచు మెల్లగా దించింది. తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగింది. "పచ్చిపేడ ఎందుకు ఎయ్యొద్దో ఒక్కొక్కరు తొట్ల చెయ్యి పెట్టి సూడుండ్రి."

అందరూ వరసగా చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకుని, "అవ్, మేడం," అన్నారు. వంటింట్లో నవ్వుకున్న నవ్వు ఈసారి అందరి ముందూ వచ్చింది. షుకూర్ కడుపు నిండిపోయింది, బత్తాయిలు కూడా బాగానే ఉన్నాయి.

ఇప్పుడు బేగం ఏ ఊళ్లో పాఠం చెప్పినా ఆయన్ను వెంట తీసుకెళ్తుంది, ఎలా చేయకూడదో చేసి చూపించడానికి.