కప్పలు లేని అర్జీ

ఇకమీదట ప్రభుత్వ తోటల్లో గడ్డి కోసేటప్పుడు ఒక్క మూగజీవికి కూడా చిన్న గాటు పడరాదని మా మంత్రిగారు ప్రకటించారు. ఆ మాట అంటుంటే ఆయన గొంతు రెండుసార్లు పూడుకుపోయిందని పేపర్లు రాశాయి. నేను పక్కనే ఉన్నాను. మూడుసార్లు.

నేను తోటల ఆఫీసులో టైపిస్టుని. మంత్రిగారంటే నాకు ఎనలేని గౌరవం. నాలుగేళ్లలో నాలుగు పార్టీలకు సేవ చెయ్యడం అందరివల్లా అయ్యే పని కాదు. గిట్టనివాళ్లు దాన్ని కప్పగంతులన్నారు. అప్పటినుంచి మా శాఖలో 'కప్ప' అన్న మాట నిషేధం. పైకప్పు కారుతోందని రాసినా మా అధికారి ఒకటికి రెండుసార్లు చదివి గానీ సంతకం పెట్టేవాడు కాదు.

ప్రకటన వెలువడిన మర్నాడే మా తోటమాలి అర్జీ పట్టుకొచ్చాడు. పదకొండేళ్లుగా ఆయన గడ్డి కోసేముందు కర్రతో తడుతూ నడుస్తాడు, లోపలున్నవి తప్పుకోవాలని. కొలనులో పడినవి ఎక్కి రావడానికి వాలుగా ఒక చెక్క వేసి ఉంచాడు. అవి దాక్కుంటాయని ఎండుటాకుల కుప్ప ఊడ్చకుండా వదిలేస్తే మేము ఆయనకి రెండు మెమోలు కూడా ఇచ్చాం.

అర్జీలో ఇలా ఉంది: "కొలనులోంచి కప్పపిల్లలు గట్టెక్కుతున్నాయి. గడ్డి మిషను కింద పడి చస్తాయి. మూడు రోజులు కోత ఆపండి."

"మూడు రోజులే ఎందుకయ్యా?" అన్నాడు అధికారి.

"తర్వాత పొదల్లోకి పోతాయండి. ఇప్పుడు వేలిగోరంత ఉన్నాయి. వందల్లో ఉన్నాయి."

"ఉద్దేశం బాగానే ఉంది. ఆ మాట తీసెయ్యాలి."

"ఏ మాటండీ?"

అధికారి తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "అదే. నువ్వు రాసింది."

"ఉభయచరాలు అని రాద్దామా సార్?" అన్నాను, నాకు తెలిసిన శాస్త్రం కొద్దీ.

"అటూ ఇటూ తిరిగేవి అనా? ఉన్న ఉద్యోగాలు ఊడగొట్టుకుందామనా?"

"మరి వాటినేమనాలండీ?" అన్నాడు తోటమాలి.

"ఏమీ అనక్కర్లేదు. కొట్టెయ్."

కొట్టేసి మళ్లీ టైపు చేశాను. "పిల్లలు గట్టెక్కుతున్నాయి" అని మిగిలింది. వ్యాకరణం దగ్గర నేను రాజీపడను. "గట్టెక్కుతున్నారు" అని దిద్దాను. "చస్తాయి" అన్నది "మరణిస్తారు" అయింది.

మంత్రిగారు చదివి చలించిపోయారు. ఫైలు అంత వేగంగా కదలడం నా సర్వీసులో ఎన్నడూ చూడలేదు. సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. పిల్లల ప్రాణాలకు ముప్పుగా ఉన్న కొలనును తక్షణం పూడ్చి, చుట్టూ గడ్డి నున్నగా కోయించాలి.

పొద్దున్నే మట్టి లారీలు వచ్చాయి. తోటమాలి అడ్డంగా నిలబడ్డాడు.

"ఒక్క గంట ఆగండి సార్. బకెట్‌తో ఎత్తుకుపోతాను."

"ఉత్తర్వులో బకెట్ లేదు," అన్నాడు అధికారి.

నిజమే, లేదు. నేనే టైపు చేశాను కదా. తోటమాలి చొక్కా విప్పి, అందులో పట్టినన్ని ఎత్తుకున్నాడు. ఎక్కువేం పట్టలేదు.

మధ్యాహ్నం మంత్రిగారు ఆ కొత్త మట్టిమీదే నిలబడి మూగజీవుల సంరక్షణ కేంద్రాన్ని ప్రారంభించారు. చుట్టూ చూసి తోటమాలిని ఆప్యాయంగా అడిగారు.

"ఏవీ? ఒక్క జీవీ కనపడదేం?"

"కిందే ఉన్నాయండి."

"మంచిది. అక్కడైతే ఏ కత్తీ తగలదు."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నెల తిరక్కుండానే ఆయన ఐదో పార్టీకి వెళ్లిపోయారు. కొత్త మంత్రిగారు వస్తూనే నిషేధం ఎత్తేశారు. పాత ఫైళ్లన్నీ తిరగేయించి, తోటమాలి చేత్తో రాసిన అసలు అర్జీ బయటికి తీయించారు. "కప్పపిల్లల నిమిత్తం మూడు రోజులు కోత నిలిపివేయుటకు అనుమతి మంజూరు" అని సంతకం పెట్టారు.

ఆ కాగితం నేనే తీసుకెళ్లి ఇచ్చాను. తోటమాలి రెండుసార్లు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మిషనుని షెడ్డులో పెట్టి తాళం వేశాడు. మూడు రోజులు కొయ్యలేదు.

నాలుగోరోజు పొద్దున కోత మొదలుపెట్టేముందు, కొలను ఉన్న చోట కర్రతో తడుతూ నెమ్మదిగా నడిచాడు.

"ఏమున్నాయని తడుతున్నావు?" అని అడిగాను.

"కప్పలండి," అన్నాడు.

ఆ మాటకి ఇప్పుడు అభ్యంతరమేమీ లేదు.