గ్రాముగారి తేలిక సంచి

పార్సిల్ ఆఫీసు కౌంటర్లో తూకం వేసే ఆ పెద్దమనిషిని అందరూ గ్రాముగారు అనే పిలుస్తారు. పార్సిల్ మీద ఈగ వాలితే, అది లేచి వెళ్లేదాకా ఆయన తూకం రాయడు.

అలాంటి మనిషి, కొండెక్కే ముందురోజు సాయంత్రం వంటింటి కాటాను భోజనాల బల్ల మీద పెట్టుకుని, సంచిలోని సామానంతా ఒక్కొక్కటే తూస్తూ కూర్చున్నాడు. పక్కన కత్తెర, రంపం బ్లేడు.

వాళ్లావిడ పళ్ల డాక్టరు. క్లినిక్ నుంచి వచ్చి, ఆ కత్తెర చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏమండీ, ఎవరికి ఆపరేషను?”

“సంచికి. బరువు తగ్గిస్తున్నా.”

“సంచి కన్నా ముందు తగ్గాల్సింది ఇంకోటుంది,” అంటూ ఆయన పొట్టవైపు చూసింది.

గ్రాముగారు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు. ఆయనకిది పరువు సమస్య. పోయినేడు ఇదే కొండ సగం ఎక్కేసరికి భుజాలు పట్టేసి చతికిలబడ్డాడు. డాక్టరమ్మ ముందొక సంచి, వెనకొక సంచి తగిలించుకుని చకచకా ఎక్కేసింది. ఆమె తమ్ముడు ఆ దృశ్యాన్ని ఫొటో తీసి బంధువులందరికీ పంపాడు. అప్పట్నుంచి ఎవరింటికెళ్లినా ముందు మంచినీళ్లు ఇస్తారు, వెంటనే ఆ ఫొటో చూపిస్తారు. ఈసారి తన సంచి తానే పైదాకా మోసి తీరాలని ఆయన భీష్మించుకున్నాడు.

“ఇదేంటండీ, బ్రష్షుకి పిడి ఏది?”

“కోసేశా. కొండ మీద ఒక్క రాత్రేగా. మొదలు పట్టుకుని తోముకుంటే సరి.”

“వేళ్లు నోట్లోకి పోతాయి! పెళ్లికి ముందు మా నాన్న మీ గురించి ఏమన్నారో తెలుసా? నోట్లో వేలు పెట్టినా కొరకడన్నారు. ఇప్పుడది మీరే పరీక్ష చేసి చూస్తారా?”

గ్రాముగారు వినిపించనట్టు చెంచాకి చిల్లులు పొడవసాగాడు.

“పులుసు కారిపోదూ?”

“గబగబా తాగుతా.”

పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారం డబ్బీ తీసి, దండగ బరువని పక్కన పడేశాడు. ఆవిడ దాన్ని తీసి తన జేబులో వేసుకుంది. తర్వాత ఆయన కత్తెర సంచి పట్టీల మీదికి వెళ్లింది. బకిల్లోంచి కిందికి వేలాడే కొసల్ని కచకచా కత్తిరించి, కాటాలో పోసి మురిసిపోయాడు.

“చూశావా, ఎన్ని తోకలో! కొసన మడత పెట్టి మరీ కుట్టారు, దండగ మనుషులు.”

“మీ తోక కత్తిరించేవాళ్లు లేక ఇలా తయారయ్యారు,” అంది డాక్టరమ్మ. “సరే, ఇటివ్వండి. సంచి నేను సర్దుతా.”

“నా సామాను ఒక్క గ్రాము కూడా పెరగకూడదు.”

“మీ సామాను ఒక్క గ్రాము పెరిగితే అడగండి.”

తెల్లారి కొండ కింద ఆవిడే సంచి ఎత్తి ఆయన వీపుకి తగిలించింది. భుజాల దగ్గర పట్టీలు బొద్దుగా కనిపించాయి.

“ఇదేంటి, ఉబ్బింది?”

“వాచింది. మీరు తోకలు కోశారుగా.”

గ్రాముగారు నడక మొదలుపెట్టాడు. ఆశ్చర్యం! భుజం నొప్పి లేదు, మెడ పట్టేయలేదు. “దూదిలా ఉందోయ్!” అని కేకేశాడు. మలుపు మలుపుకీ ఆగి, తేలిక ప్రయాణం గురించి బావమరిదికి ఉపన్యాసం ఇచ్చాడు. ఎదురొచ్చిన ఓ ముసలాయన్ని కూడా వదల్లేదు. బావమరిది మాత్రం ఫోను చేత్తో పట్టుకుని, పోయినేడు బావ చతికిలబడిన చోటు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాడు.

సరిగ్గా అక్కడే పట్టీ బకిల్లోంచి సర్రున జారిపోయింది. సంచి వీపు మీంచి ఊడి, వాలులో దొర్లుకుంటూ పోయి పొదలో పడింది. గ్రాముగారు వెనకే పరిగెత్తి రెండు చేతులా ఎత్తబోయి మూలిగాడు.

“ఇంత బరువెక్కిందేంటి?”

“మట్టంటుకుందండీ,” అంది డాక్టరమ్మ తొణక్కుండా.

“అక్కా, ముందొకటి, వెనకొకటి తగిలించుకుని ఇలా నిలబడు,” అన్నాడు తమ్ముడు ఫోను పైకెత్తి.

గ్రాముగారి మొహం పాలిపోయింది. ఈ ఫొటో కూడా ఊరేగితే ఇక ముఖం ఎక్కడ దాచుకోవాలి?

“ఫోను లోపల పెట్టరా,” అని కసిరింది అక్క. రాయి మీద కూర్చుని జేబులోంచి దారం డబ్బీ, సూది తీసింది. రెండు పట్టీల కొసల్నీ బకిల్లోకి ఎక్కించి, మడతలు పెట్టి కుట్టడం మొదలుపెట్టింది. “లావుగా ఉండే ఈ మడతే పట్టీని బకిల్లోంచి జారకుండా ఆపుతుంది. మీ దండగ మనుషులు కుట్టింది అందుకేనండీ.”

ఆయన ఆవిడ చేతులవైపే చూస్తూ నిలబడ్డాడు. గాలి కొడుతున్నా వేలు వణకదు, కుట్టు తప్పదు. ఇంత మంచి పనిమంతురాలిని పక్కన పెట్టుకుని కత్తెర తానెందుకు పట్టుకున్నట్టు? ఆయనకి నిజంగానే సిగ్గేసింది, దానికన్నా ఎక్కువ ముచ్చటేసింది.

పట్టీలు పొట్టివైపోయి, సంచి వీపు వదిలి మెడ మీదికి ఎక్కి కూర్చుంది. అయినా గ్రాముగారు ఆగలేదు. వగరుస్తూ, చెమటలు కక్కుతూ, శిఖరం మీది బస దాకా తన సంచి తానే మోశాడు. బావమరిది చప్పట్లు కొట్టి, “ఒప్పుకున్నాను బావా!” అన్నాడు.

“అంతా తూకంలో ఉందోయ్,” అని గ్రాముగారు మీసం దువ్వుకున్నాడు.

డాక్టరమ్మ ఆ సంచి ముందుకు లాక్కుని విప్పింది. మొదట దుప్పటి వచ్చింది. తర్వాత పెద్ద ఫ్లాస్కు, ఆవిడ స్వెట్టరు, లావుపాటి నవల, రెండు నీళ్ల సీసాలు. చివర్లో, మందపాటి తువ్వాల్లో చుట్టిపెట్టిన ఇంత పుచ్చకాయ.

“ఇవన్నీ... నా సంచిలోనా?”

“మీ సామాను పెంచలేదండీ. ఇవి నావి.” అరచేతి చాటున నవ్వు ఆపుకుంది. “పట్టీల్లో పాత సోఫా దిండు స్పాంజి పెట్టి కుట్టా. బరువుకి కాదు, పట్టీల ఒరిపిడికి భయపడ్డాయి మీ భుజాలు. పోయినేడే గమనించా. చెప్తే వింటారా? పొద్దున్నుంచీ మోసింది మాత్రం మీరే.”

గ్రాముగారు పుచ్చకాయని చేతుల్లోకి తీసుకుని తూచినట్టు ఊపి చూశాడు. ఛాతీ కాస్త పొంగింది. “ఇంత బరువూ నేనే మోశానా?”

“మోశారు. సింహంలా మోశారు.”

“అయితే నేను తక్కువవాణ్ణేం కాదన్నమాట!”

“ఎవరన్నారండీ తక్కువని?” ఆవిడ తన ఖాళీ సంచిని నీటుగా మడతపెట్టి ఆయన ఒళ్లో పెట్టింది. “అందుకే రేపు దిగేటప్పుడు ఇది కూడా మీరే తెస్తున్నారు.”

గ్రాముగారు దాన్ని కూడా చేత్తో తూచి చూశాడు. తర్వాత తన సంచిలోనే సర్దుకున్నాడు.