వేడి ముద్ద ప్యాకేజీ

జవళగిరి దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న 'వనకుటుంబం' హాలిడే పార్కులో ఇకమీదట కుటుంబం శని, ఆదివారాల్లో టిఫిను వేళ నుంచి రాత్రి భోజనాల వరకు నిరంతరాయంగా పనిచేస్తుంది. మిగతా రోజుల్లో అక్కడ కొందరు మనుషులు మాత్రమే ఉంటారు. వాళ్ళను చూసి కుటుంబమని పొరబడితే యాజమాన్యం బాధ్యత వహించదు.

ఈ ఏర్పాటు వెనక కొంత చరిత్ర ఉంది. రామచంద్ర, మంజులమ్మల కొడుకు ప్రజ్వల్ హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం మానేసి, తండ్రి రాగిచేలో కాటేజీలు కట్టించి, "కుటుంబమే నడిపే అడవి విడిది" అని ఇంటర్నెట్లో పెట్టాడు. బెంగళూరు నుంచి వచ్చిన మొదటి అతిథులు రెండు స్టార్లిచ్చి వెళ్ళారు. చెట్లు బాగున్నాయి, పిట్టలు బాగున్నాయి, కుటుంబం మాత్రం ఎక్కడా కనబడలేదు అని రాశారు. అందులో అబద్ధమేమీ లేదు. రామచంద్ర వసారాలో ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. మంజులమ్మ వంటింట్లో ఉంది. రామచంద్ర అన్న కేశవప్ప, భాగాలు పంచుకున్ననాటి నుంచి తమ్ముడితో మాటల్లేక, రాతికట్ట అవతల తన చేలో ఇటు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు.

ప్రజ్వల్ కుంగిపోలేదు. కొనేవాడు అడిగిన సరుకు అంగట్లో లేకపోతే తెప్పించి పెట్టడమే వ్యాపార ధర్మం. ముందుగా పెదనాన్న దగ్గరికి వెళ్ళి, వారానికి రెండు రోజులు వచ్చి అన్నగా ఉండమని అడిగాడు.

"అన్నగా ఉండేకి నాకేమిస్తావప్పా?" అన్నాడు కేశవప్ప.

"నువ్వు నిజంగానే అన్నవి గదా పెదనాయినా!"

"ఇంట్లో ఉండేది సుమ్మనే, ఊరికే ఉంటాను. పదిమంది ముందర ఉండాలంటే అది పని."

న్యాయమైన మాట. తమ్ముడి బోరు నుంచి శనివారాలు నీళ్ళు పారించుకునే ఒప్పందం మీద అన్నదమ్ముల అనుబంధం పునరుద్ధరింపబడింది.

భార్యాభర్తల విభాగమే కొంచెం కష్టపెట్టింది. అతిథులు చూస్తున్నప్పుడు మంజులమ్మతో రెండు మంచి మాటలు మాట్లాడాలని ప్రజ్వల్ చెబితే, రామచంద్ర ఫోనులోంచి తలెత్తాడు.

"ఏం మాట్లాడేది రా ఆమెతో?"

"తిన్నావా అని అడుగు నాయినా."

"వండేది ఆమె. తినకుండా యాడికి పోతుంది?"

గుమ్మం వెనకనుంచి మంజులమ్మ నవ్వింది. ఆ నవ్వు బాగుందని, అతిథులున్నప్పుడు అది కూడా ఉండాలని ప్రజ్వల్ ఆమెకు సూచించాడు.

అడవి విభాగంలో కూడా నాణ్యత పెరిగింది. ఏనుగులు అతిథుల సెలవుదినాలను గౌరవించే అలవాటు లేని జీవులు. అందుకని పనిమనిషి గుర్రప్ప ప్రతి శుక్రవారం అడవి అంచున తిరిగి, దొరికిన ఏనుగు పేడను గంపకెత్తుకొచ్చి కాటేజీల ముందు సహజంగా కనబడేటట్లు పెట్టేవాడు. శనివారం పొద్దున అతిథులు తలుపు తీసి, కెవ్వుమని, దానితో సెల్ఫీలు దిగేవారు. రాత్రి ఏనుగు అరిచింది, మేం విన్నాం అని ప్రమాణపూర్వకంగా రాసినవారు కూడా ఉన్నారు. అది రాతికట్ట అవతలి కేశవప్ప గురక.

ఇలా సాగుతుండగా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ అమ్మాయిలు వచ్చారు. మగవాళ్ళు బంతిలో కూర్చుని తినడం, మంజులమ్మ, కోడలు ప్రేమ వడ్డించి, అందరూ లేచాక వంటింట్లో మూలన కూర్చోవడం చూశారు. వెళుతూ ఒక్క స్టారు ఇచ్చారు. ప్రజ్వల్ మరుసటి వారానికే 'సమానత్వం ప్యాకేజీ' ప్రవేశపెట్టాడు. అందులో ఆడవాళ్ళు ముందు కూర్చుంటారు, మగవాళ్ళు వడ్డిస్తారు. ధర కొంచెం ఎక్కువ. మగవాళ్ళు వంగవలసి వస్తుంది కదా.

ఆ శనివారం రామచంద్ర జీవితంలో మొదటిసారి గరిటె పట్టి, భార్య విస్తట్లో పొగలు కక్కే రాగిముద్ద పెట్టి, పితికిపప్పు పులుసు పోశాడు. మంజులమ్మ ముద్ద తుంచింది. వేలు చురుక్కుమంది. పులుసులో అద్ది మింగింది. ముద్ద గొంతులోంచి జారి కడుపులోకి దిగేదాకా వెచ్చగా తెలుస్తూనే ఉంది.

"ఏమత్తా, కండ్లలో నీళ్ళు?" అంది పక్కనున్న ప్రేమ.

"కాలిందమ్మా," అంది మంజులమ్మ. పెళ్ళై ఈ ఇంటికొచ్చిన దగ్గరనుంచి రోజూ ముద్ద కెలికిన మనిషి ఆమె. అది వేడిగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

అప్పటినుంచి ఆమెకు ఈ లోకంలో కావలసింది ఒక్కటే. ఈ వారం ఏ ప్యాకేజీ వచ్చిందని శుక్రవారం పొద్దున్నే కొడుకును అడిగేది. సమానత్వమైతే ఆ పూట ఒక పిడికెడు పిండి ఎక్కువ పోసేది.

ఇంతలో పాత పద్ధతి కూడా కావాలని అడిగేవాళ్ళు వచ్చారు. ప్రజ్వల్‌కు పక్షపాతం లేదు. 'సంప్రదాయం ప్యాకేజీ' కూడా పెట్టాడు. దాన్ని మొదట తీసుకున్నవారు బెంగళూరులో పెద్ద ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దమనిషి. భార్యను, ఇద్దరు కోడళ్ళను, కొడుకులను వెంటబెట్టుకొచ్చారు. విస్తరి ముందు కూర్చుని ఉపన్యసించారు.

"మన సంస్కృతి గోపురాల్లో లేదు, గ్రంథాల్లో లేదు. అందరికీ పెట్టి ఆఖరున తినే ఆడదాని ఓర్పులో ఉంది. ఈ తల్లిని చూడండి! నగరాల్లో మనం పోగొట్టుకున్నది ఇదే!"

ఆయన భార్య, కోడళ్ళు చప్పట్లు కొట్టి, విస్తళ్ళ ముందు కూర్చోబోయారు.

మంజులమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఎప్పుడూ నలుగురి ముందు గొంతెత్తే మనిషి కాదు. ఇప్పుడు కూడా ఎత్తలేదు.

"అక్కడ కాదమ్మా మీకు. ఆడవాళ్ళమంతా లోపలికి పోవల్ల. మగవాళ్ళు తిని లేచినాక మనకు. పూర్తి సంప్రదాయానికి దుడ్డు కట్టినారు గదా, మేము తక్కువ చేస్తే తప్పు."

పెద్దమనిషి చాలా సంతోషించారు. ఆయన భార్య మొహమాటపడి లోపలికి వచ్చింది, వెనకే కోడళ్ళు. వంటింట్లో కట్టెల పొయ్యి నిజమైన సంప్రదాయాన్ని వెదజల్లుతోంది. బయట పెద్దమనిషి ఒక కబళానికి ఒక వాక్యం చొప్పున ప్రసంగిస్తూ, అడిగి అడిగి పులుసు పోయించుకుంటూ, వేదకాలం నుంచి మధ్యయుగాలకు వచ్చేసరికి పెద్ద కోడలికి కళ్ళు తిరిగాయి. ఆయన చెయ్యి కడిగాక ఆడవాళ్ళకు విస్తళ్ళు పడ్డాయి. పులుసు అడుగంటింది. ముద్దలు చల్లారి గట్టిపడ్డాయి.

"ఇది ముద్దా, రాతిగుండా?" అంది పెద్దమనిషి భార్య.

"సంప్రదాయమమ్మా. నంచుకునేకి ఊరగాయ ఉంది. నేను రోజూ ఇదే తింటా ఉండాను," అంది మంజులమ్మ ఎంతో మర్యాదగా.

పెద్దమనిషి భార్య చెయ్యి కూడా కడగకుండా వసారాలోకి, భర్త దగ్గరికి వెళ్ళింది. "ఏమండీ, లేవండి. ప్యాకేజీ మార్చండి," అంది. అంతే. సాయంత్రం ఆ పెద్దమనిషి నడుముకు తువ్వాలు చుట్టుకుని వడ్డించారు. కొడుకు ఫొటో తీశాడు. "మార్పు మన ఇంటి నుంచే మొదలవ్వాలి" అని దాని కింద ఆయనే రాసి పెట్టుకున్నారు. వేలమంది మెచ్చుకున్నారు. ఆ వారంతో సంప్రదాయం ప్యాకేజీ మూతబడింది.

ఆ ఫొటోలో వెనక గరిటెతో నిలబడ్డ రామచంద్రను హోసూరులోని ఒక మహిళాసేవా సంఘం చూసింది. ఆయనను పిలిపించి, శాలువా కప్పి, మైకిచ్చింది.

"మా ఇంట్లో ఆడవాళ్ళు తిన్నాకే మేము తింటాము," అన్నాడు రామచంద్ర. "ఇది మాకు ఎవరూ చెప్పలేదు. మా రక్తంలో ఉంది."

ఆఖరి వరసలో కూర్చున్న మంజులమ్మ కూడా చప్పట్లు కొట్టింది. అది మంగళవారం. ఇల్లు చేరగానే రామచంద్ర శాలువా మడిచి, పీట మీద కూర్చుని, "ఏమే, ఇంకా విస్తరి పడలేదే?" అన్నాడు.

ఆమె వడ్డించింది. ఆయన తిన్నాడు. తరువాత ఆమె మూలన కూర్చుని, చల్లారిన ముద్దను కాసేపు చూసి, కోడలిని పిలిచింది.

"అమ్మా ప్రేమా, ఫోనులో బుకింగ్ చేసేది నీకు తెలుసు గదా?"

మరుసటి బుధవారానికి ఇద్దరు ఆడవాళ్ళ పేరుమీద సమానత్వం ప్యాకేజీ బుక్ అయినట్టు ప్రజ్వల్‌కు తెలిసింది. వారం మధ్యలో వచ్చే అతిథులు దొడ్డ మనుషులై ఉంటారని, కేశవప్పకు అదనపు నీళ్ళు ఒప్పుకుని, అందరికీ ఉతికిన బట్టలు కట్టించి గేటు దగ్గర నిలబెట్టాడు. పొలం గట్టు మీదుగా చుట్టు తిరిగి, చేతిలో సంచులతో మంజులమ్మ, ప్రేమ వచ్చారు.

"అమ్మా, గెస్టులొచ్చే టైము. పక్కకు రా," అన్నాడు ప్రజ్వల్.

"మేమే గదప్పా వచ్చినాము. పాలమ్మిన దుడ్డు కట్టినాను."

"ఏమే, ఆటలా ఇది?" అని రామచంద్ర గొంతు పెంచాడు.

కేశవప్ప అడ్డం వచ్చాడు. "అట్ల అరవకూడదు తమ్ముడా. గెస్టులు వాళ్ళు. నేను నీళ్ళకు ఒప్పుకొని వచ్చినాను, నువ్వు పని చెడిపితే కుదరదు." ఎన్నో ఏళ్ళ తరువాత 'తమ్ముడా' అనే మాట జీతం లేకుండా అన్న నోట వచ్చింది. ఎవరూ గమనించలేదు.

చిక్కు వేరేచోట వచ్చింది. అతిథి చేత వండించడం నియమాలకు విరుద్ధం. పొయ్యి దగ్గర నిలబడే మనిషి లేడు. చివరికి శాలువా గ్రహీత రామచంద్రే తెడ్డు పట్టాడు. పిండి ఎగిరి మీసాల మీద పడింది. చెయ్యి రెండుచోట్ల కాలింది. నాలుగుసార్లు "ఇప్పుడేం చేసేది?" అని కేక వేశాడు. అతిథులను పనిలోకి లాగవద్దని ప్రజ్వల్ మందలించాడు.

ముద్ద విస్తట్లోకి వచ్చింది. తుంచితే లోపల పచ్చిపిండి ఉండలు. మంజులమ్మ తిన్నది. రామచంద్ర గరిటెతో ఎదురుగా నిలబడి, పార్కు నియమం ప్రకారం అడిగాడు.

"ఎట్లుందమ్మా ఊట? ముద్ద బాగుందా?"

"ఉడకలేదు," అంది మంజులమ్మ. నెమ్మదిగా ఇంకో తుంపు తీసుకుంది. "వేడిగా ఉంది. ఇంకొకటి పెట్టు."

ప్రేమ తీసిన ఆ ఫొటో సూళగిరి, రాయకోట దాకా పాకింది. ప్రజ్వల్‌కు ఫోన్లు మొదలయ్యాయి. అన్నీ ఆడగొంతులే. కాటేజీ అద్దె ఎంతని ఎవరూ అడగలేదు. మా ఇంట్లోనే మేము గెస్టులుగా ఉండాలంటే ఎంతవుతుందప్పా అని అడిగారు. ధర ఇంకా ఖరారు కాలేదు. పేర్లు మాత్రం రాసుకుంటున్నాడు. అందులో ఒక ఫోను మీ ఇంటి నుంచే వచ్చిందట. ఎవరు చేశారో చెప్పమంటే ప్రజ్వల్ ఒప్పుకోలేదు. అతిథుల గుట్టు కాపాడడం ఆ కుటుంబం ఏడు రోజులూ పాటించే ఒకే ఒక్క నియమం.