ఆవలింతల తులనాత్మక పట్టిక

నాగరికత అంటే ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పండి: మాత్ర మొదలుపెట్టడానికి ఒక్క సంతకం, మానడానికి ఒక సంఘం.

సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో ఉండే ఫణికుమార్ కేంద్ర నమూనా పత్రాల శాఖలో సెక్షన్ ఆఫీసరు. వెన్ను ఆపరేషన్ తర్వాత పది రోజులకని రాసిన నల్లమందు జాతి నొప్పి మాత్రలు పది నెలలు మింగాడు. (ఎప్పుడు ఆపాలో రాసే గడి ఆ చీటీలో లేదు.) ఇప్పుడు నొప్పి లేదు గానీ, మాత్ర లేకపోతే మనిషే లేడు.

"ఒక్కసారిగా మానకండి, కొంచెం కొంచెంగా తగ్గిద్దాం," అంది డాక్టరమ్మ వాసవి. తగ్గించినప్పుడల్లా ఏమేం వస్తాయో కాగితం మీద రాసిచ్చింది: ఆవలింతలు, ముక్కు కారడం, చెమటలు, వణుకు, కాళ్ల పీకుడు, విరేచనాలు, నిద్రలేమి, చిరాకు.

ఇంకెవరైనా అయితే జ్వరమని చెప్పి నాలుగు రోజులు సెలవు పెట్టేవారు. ఇరవై ఆరేళ్లుగా ఫైళ్లలో నోటింగులు రాస్తున్న ఫణికుమార్ అలాంటి పని చేస్తాడా? లక్షణాలకు వరుస నంబర్లు వేసి, సెలవు కోరుతూ ఫైలు తెరిచి, పైకి పంపాడు.

అండర్ సెక్రటరీ రఘునందన్ పిలిపించాడు. "చూడండి ఫణికుమార్ గారూ, ఐటెమ్ ఒకటి, ఆవలింతలు. మన సెక్షన్లో ఆల్రెడీ ఉన్న ఆవలింతలకీ వీటికీ తేడా ఏమిటో ఫైల్లో లేదు."

"ఇవి మాత్ర తగ్గిస్తే వచ్చేవి సార్."

"అచ్ఛా. మరి మిగతావాళ్లకి ఏది తగ్గిస్తే వస్తున్నాయి?"

దీని మీద ముగ్గురు సభ్యుల సంఘం ఏర్పడింది. వారం రోజులు సెక్షనంతా ఆవలింతలు లెక్కపెట్టి తులనాత్మక పట్టిక తయారుచేసింది. ఫణికుమార్‌కి నాలుగో స్థానం దక్కింది. (మొదటి స్థానం సంఘం అధ్యక్షులవారిది.) సెలవు పెండింగులో పడింది.

ఈలోగా మోతాదు తగ్గింది. ఏసీ కింద చెమటలు, చెమటల్లో వణుకు. తడి వేలు పెడితే హాజరు యంత్రం ఇలాంటి మనిషి లేడంది. బాత్రూముకి వెళ్లినప్పుడల్లా రిజిస్టర్లో కారణం రాయమన్నారు. వివరంగా రాశాడు, మళ్లీ ఎవరూ అడగలేదు. ఓ రోజు రఘునందన్ మీదే అరిచేసి, చిరాకు ఐటెమ్ ఎనిమిదని సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

"ఐటెమ్ ఎనిమిదికి ఇంకా అప్రూవల్ రాలేదు కదండీ," అన్నాడు రఘునందన్.

ఇక తట్టుకోలేక నాలుగు రోజులు ఇంట్లోనే పడి ఉన్నాడు. భార్య రేవతి కాళ్లు పట్టింది, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు తాగించింది. "ఫైలు సంగతి తర్వాత చూసుకోవచ్చు లెండి, నేనున్నాను కదా," అంది. కొన్ని వారాలకి ఆఖరి మాత్ర కూడా పోయింది. మందు లేకుండా అయిదు గంటలు నిద్రపట్టిన మర్నాడు, వంటింట్లోంచి పోపు వాసన వస్తే కూర్చుని ఏడ్చాడు. అంత సంతోషం వేసింది.

ఆ సోమవారమే సంఘం తుది నిర్ణయం వెలువడింది. ఈ సెలవు, మాత్రలు మానుతున్నవారికి మాత్రమే. దరఖాస్తుదారు మానేశారు కనుక అనర్హులు. ఆ నాలుగు రోజులూ అనధికార గైర్హాజరు. సర్వీసు తెగినట్టే, పింఛను గల్లంతయినట్టే.

"మీ కేసు సానుభూతితోనే చూశాం," అన్నాడు రఘునందన్. "ఓ వారం మళ్లీ వేసుకుని మానండి. పాత తేదీలు అందులో కలిపేద్దాం. ఠీక్ హై?"

ఫణికుమార్ కుర్చీలోంచి లేవకముందే అతని ఫోనుకి మందులిచ్చే డిస్పెన్సరీ నుంచి సందేశం వచ్చింది. అతని పాత నొప్పి మాత్రలు సిద్ధంగా ఉన్నాయట. క్యూ లేదట.