లిఫ్టు మెకానిక్కూ, సలహా ఇవ్వని డాక్టరమ్మా

సలహాలకు కరువు లేని ఇంట్లో సైకోథెరపీ శుద్ధ దండగ! కాదంటారా? అయితే ఈ లిఫ్టు మెకానిక్కు సంగతి వినండి.

ఏళ్ల తరబడి లిఫ్టులు బాగుచేస్తున్న ఆ పెద్దమనిషి, ఒకరోజు తానే రెండంతస్తుల మధ్య లిఫ్టులో ఇరుక్కుపోయాడు. కరెంటు పోయింది. చిమ్మచీకటి. ఇంటికి ఫోన్ చేశాడు. అంతే, అక్కడ ఫోను చేతులు మారడం మొదలైంది. అత్తగారు బటన్ గట్టిగా నొక్కి చూడమంది. తమ్ముడు ఏదో వీడియో పంపాడు. భార్య అన్నగారు, అంటే పెద్ద బావగారు, అసలు లిఫ్టు ఎలా పనిచేస్తుందో మొదట్నుంచీ వివరించాడు. ఎవరికి? లిఫ్టు మెకానిక్కుకి! ఎంత ఆప్యాయత!

బయటపడ్డాక ఆయనకు లిఫ్టు కనబడితే చాలు, ముచ్చెమటలు పట్టేవి. పనిముట్ల సంచి భుజాన వేసుకుని, మెట్లన్నీ ఎక్కి లిఫ్టు రిపేరుకు వెళ్లేవాడు. పైకి చేరేసరికి ఆయనకే రిపేరు కావలసి వచ్చేది. బాగుచేశాక ఎక్కి పరీక్షించాలి కదా! దానికి వాచ్‌మన్‌ను ఎక్కించేవాడు. సంగతి మేనేజరు చెవిన పడింది. నెలాఖరులోగా లిఫ్టెక్కు, లేదా వేరే పని చూసుకో అనేశాడు.

ఇంట్లో సలహాల వాన జోరందుకుంది. మనసు గట్టి చేసుకోమన్నారు, అదేదో డబ్బా మూతైనట్టు. ఆలోచించడం మానెయ్యమన్నారు, తాము ఎప్పుడో మానేసిన ధీమాతో.

చివరికి భార్య ఆయన్ని సైకోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లింది. అంత చదువు చదివిన ఆ డాక్టరమ్మ ఒక్క సలహా ఇస్తే ఒట్టు! అంతా విని, "చీకట్లో బాగా భయమేసిందా?" అని మాత్రం అడిగింది.

అంతదాకా ఆ మాట ఎవరూ అడగలేదు. ఆయన జవాబు చెప్పబోయి బావురుమన్నాడు. ఆవిడ కంగారు పడలేదు, ఊరుకోమనలేదు. మంచినీళ్ల గ్లాసు కాస్త దగ్గరికి జరిపింది.

ఆ తర్వాత వారం వారం మాట్లాడుకున్నారు. తప్పించుకు తిరిగినకొద్దీ భయం బలుస్తుందని ఆయనకే అర్థమైంది. ముందు తెరిచిన లిఫ్టు ముందు నిలబడ్డాడు. మరోసారి లోపల అడుగుపెట్టి వచ్చేశాడు. ఇంకోసారి ఆవిడ పక్కన ఉండగా ఒక అంతస్తు ఎక్కాడు. భయం పోయేదాకా ఆగలేదు, దాన్ని వెంటబెట్టుకునే వెళ్లాడు. తిరగ్గా తిరగ్గా, ఏ అంతస్తులోనో అదే దిగిపోయింది.

ఉద్యోగం నిలబడింది. ఇంట్లో ఎవరికి వారే తమ సలహా ఫలించిందని పొంగిపోయారు.

ఆఖరుసారి వెళ్లిన రోజు, అక్కడి వెయిటింగ్ రూములో పూలకుండీ చాటున నక్కి కూర్చున్న మనిషి కనిపించాడు. పెద్ద బావగారు!

"ఇంట్లో నేను నోరు తెరిస్తే అందరూ లేచి వెళ్లిపోతున్నారయ్యా," అన్నాడాయన మెల్లగా.

మెకానిక్కు నాలుక చివర బంగారంలాంటి సలహా ఒకటి తళుక్కుమంది. మింగేశాడు. పక్కనే కూర్చుని, "చెప్పండి బావగారూ," అన్నాడు. చెప్పినంతసేపూ విన్నాడు.

చూశారా అంటువ్యాధి! ఇలా ఇంటింటా వినేవాళ్లు తయారైతే, అడక్కుండానే సలహాలిచ్చే నాలాంటివాళ్ల గతేం కావాలి? ఈ దిగులుతో నాకు నిద్ర పట్టడం లేదు. మా ఆవిడ ఆ డాక్టరమ్మ దగ్గరే అపాయింట్‌మెంట్ తీసుకుంది.

వెళ్తాను. ఆ డాక్టరమ్మకే నాలుగు సలహాలు చెప్పి వస్తాను.