పంపుకు ఇన్ఫెక్షన్

ఆ పూట ఒక్క కేసు తేల్చేసి, మధ్యాహ్నం సెలవు పెట్టి, చెల్లెలి కొత్తింటికి కర్టెన్లు ఎంచడానికి వెళ్లాలని కోడ్లక్క అనుకుంది. ఆసుపత్రి బిల్లింగు గదిలో ఆవిడ అసలు పేరు ఎవరూ వాడరు. ఏ చికిత్సకు బీమావాళ్ల దగ్గర ఏ కోడ్ ఉందో నిద్రలేపి అడిగినా చెబుతుంది కాబట్టి అందరికీ కోడ్లక్కే. తాను పొరబడ్డానేమోనన్న అనుమానం ఏనాడూ ఆవిడ గుమ్మం తొక్కి ఎరగదు.

కేసు ఒక రిటైరైన బస్సు డ్రైవరుది. మూత్రం ఆగక ఇల్లు కదలలేకపోయిన ఆయనకు కిందటేడు డాక్టరు ఒంట్లో చిన్న పరికరం అమర్చాడు. నొక్కితే మూత్రం వదిలే బుల్లి పంపు ఒకటి అందులో ఉంటుంది. ఇప్పుడు దానికి ఇన్ఫెక్షన్ సోకింది. పాతది తీసి, ఆ చోటంతా కడిగి, అదే పూట కొత్తది పెట్టాలి. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. మనిషిని థియేటరు గుమ్మం దాకా తెచ్చారు గానీ బీమా ఆఫీసరు మాత్రం ఇంకా సరేననలేదు.

"తీయడానికి ఒక కోడు, పెట్టడానికి ఒక కోడు కదమ్మా. ఒకే పూట రెండూ అంటే ఎలా?" అన్నాడు ఫోన్‌లో.

"ఆ రెండూ కాదు సార్, మూడోది! ఇన్ఫెక్షన్ ఉన్నచోట తీసి పెట్టడానికి విడిగా కోడ్ ఉంది!"

లైను గరగరలాడింది. "ఏమీ వినపడట్లేదమ్మా."

కోడ్లక్క గొంతు పెంచింది. "పంపుకి ఇన్ఫెక్షన్ సార్! పంపు చుట్టూ చీము! ఇప్పుడే పీకేసి కొత్త పంపు పెట్టకపోతే ప్రాణాలు పోతాయి!"

కిటికీ అవతల నిచ్చెన మీద పైపు బిగిస్తున్న ప్లంబరు చేతిలోంచి పానా జారిపోయింది. ఆసుపత్రి నీళ్ల పంపును అతను నిన్ననే బాగుచేశాడు. ఇంకెవరైనా ఆ మాట అంటే పోట్లాటకు దిగేవాడే. అన్నది కోడ్లక్క. దబదబా దిగి, పరుగున వెళ్లి మెయిన్ వాల్వు కట్టేశాడు.

దారిలో క్యాంటీనతనికి చెప్పాడు. అతను కాచిన టీ అంతా పారబోసి నర్సులకు చెప్పాడు. నర్సులు సూపరింటెండెంటు చెవిన వేశారు. ఆయన మైకు అందుకున్నాడు.

"పంపుకు తీవ్రమైన ఇన్ఫెక్షన్ సోకింది. ఎవరూ నీళ్లు ముట్టుకోవద్దు!"

థియేటరులో మోచేతుల దాకా సబ్బు పూసుకున్న డాక్టరు, చేతులు గాల్లో పెట్టుకుని ఎండిన కుళాయి వంక చూస్తూ నిలబడిపోయాడు. వరండాలో కూర్చున్న డ్రైవరు భార్య గబుక్కున లేచింది.

"మావారి పంపు నుంచి ఆసుపత్రి మొత్తానికి అంటుకుందా తల్లీ!" అంటూ కనబడిన ప్రతి నర్సు ముందూ లెంపలేసుకుంది. "ఏమీ అనుకోకండమ్మా, ఆయన చాలా శుభ్రమైన మనిషి."

సూపరింటెండెంటు ప్లంబరును వెంటేసుకుని బిల్లింగు గదిలోకి దూసుకొచ్చాడు.

"ఏంటండీ ఈ గోల? నేను ఫోన్లో ఉన్నాను," అంది కోడ్లక్క.

"నీళ్ల పంపు పాడైందమ్మా!"

"అయ్యో! ఎవరు కనిపెట్టారు?"

"మీరే అక్కా," అన్నాడు ప్లంబరు. "చీము కూడా ఉందన్నారు."

కోడ్లక్క ఫోన్ చెవి దగ్గర్నుంచి దించింది.

"నేను చెప్పింది డ్రైవరుగారి పంపు సంగతి!"

"బస్సుకి పంపెందుకక్కా?"

"బస్సుది కాదయ్యా, ఆయనదే!"

ఎటు చూడాలో తోచక ప్లంబరు పైకప్పు వంక చూశాడు. విషయం బుర్రకెక్కగానే వాల్వు తిప్పడానికి మళ్లీ పరుగు తీశాడు. అప్పుడు కోడ్లక్క చేతిలోని ఫోన్, "హలో, హలో!" అని అరిచింది. లైను ఇంకా తెగలేదు.

"మైకులో అంతా విన్నానమ్మా! ఆసుపత్రి మొత్తం ఆగిపోయేంత ముదిరిందని ముందే చెప్పొద్దూ? మీరన్న కోడుకే ఓకే చేసేశాను. ముందు మార్చేయండి!"

కోడ్లక్క ఒక్క క్షణం ఆలోచించింది. ఇన్ఫెక్షన్ నిజం, కోడ్ నిజం. మైకు గురించి ఆయన ఏమీ అడగలేదు.

"అదే సార్, నేను మొదట్నుంచీ చెబుతున్నది," అని హుందాగా ఫోన్ పెట్టేసింది.

కుళాయిలో నీళ్లొచ్చాయి. డాక్టరు ఆరిపోయిన సబ్బు కడుక్కుని, మళ్లీ పూసుకుని, పాతది తీసి కొత్తది పెట్టాడు. వారం తిరక్కుండా డ్రైవరు నవ్వుతూ ఇంటికి వెళ్లాడు.

ప్లంబరు మాత్రం నీళ్ల పంపును ఇప్పుడు మోటారు అనే అంటున్నాడు.